సాగుభూమిని ఇళ్ల స్థలాలు కాకుండా ఆపే ప్రభుత్వ పథకాలు: యాభై ఏళ్ల తర్వాత కూడా నిలిచేది ఏది?

మాగాణిగట్టు (చర్చ ప్రారంభించినవారు):

సాగుభూమి పరిరక్షణ కోసం వివిధ దేశాల ప్రభుత్వాలు నడిపిన పథకాలను కొంతకాలంగా చదువుతున్నాను. అవి ప్రధానంగా మూడు దారుల్లో నడిచాయి. సాగు చేసినంత కాలం భూమికి పన్ను తగ్గించడం ఒకటి. ఫలానా ప్రాంతంలో సాగు తప్ప మరొకటి కూడదని పటం మీద గీత గీసి చట్టం చేయడం రెండోది. రైతు దగ్గర భూమిని కాకుండా, దాని మీద ఇళ్లు కట్టే హక్కును మాత్రమే ప్రభుత్వం డబ్బిచ్చి కొనడం మూడోది. పథకం మొదలైన యాభై ఏళ్లకు కూడా ఆ నేలలో పంట పండుతోందా అన్న ఒక్క కొలతతోనే చూస్తే ఈ మూడింటిలో ఏది నిలుస్తుందో సభ్యులు చెప్పాలని కోరుతున్నాను. హక్కు కొనుగోలే అన్నిటికన్నా గట్టిదని ప్రస్తుతానికి నా అభిప్రాయం. అది తప్పయితే కారణం చూపించండి.

దస్తావేజు:

మాగాణిగట్టు గారి అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాను. హక్కు కొనుగోలు ఎలా జరుగుతుందో తెలియనివారి కోసం కొంచెం వివరిస్తాను.

భూమి మీద యాజమాన్యం అంటే ఒకే హక్కు కాదు, అనేక హక్కుల కట్ట. దున్నే హక్కు, నీటి హక్కు, అమ్మే హక్కు, తాకట్టు పెట్టే హక్కు, వారసులకు రాసే హక్కు, ఇళ్లు కట్టే హక్కు అన్నీ అందులో ఉంటాయి. ప్రభుత్వం ఆ కట్టలోంచి చివరిదాన్ని మాత్రమే తీసుకుంటుంది. విలువ కట్టే పద్ధతి కూడా సూటిగానే ఉంటుంది. ఒక పొలాన్ని ఏ ఆంక్షా లేకుండా బజారులో పెడితే 100 పాళ్లు వస్తుందనుకుందాం. సాగుకు తప్ప దేనికీ పనికిరాదని షరతు పెడితే అదే పొలానికి 40 పాళ్లే వస్తుందనుకుందాం. ఈ రెండింటి తేడా అయిన 60 పాళ్లే నిర్మాణ హక్కు విలువ. ఆ మొత్తం పుచ్చుకున్న రైతు ఒక దస్తావేజు రాసి రిజిస్టరు చేయిస్తాడు. ఆ తర్వాత భూమి ఎన్ని చేతులు మారినా ఆ షరతు దానితోపాటే వెళుతుంది. కొడుకుకు రాసినా, పరాయివాడికి అమ్మినా, అప్పు తీరక బ్యాంకు వేలం వేసినా షరతు చెరిగిపోదు.

అమెరికాలో ఈ పద్ధతికి నాంది పలికింది న్యూయార్క్ రాష్ట్రంలోని సఫోక్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). 1974లో అక్కడ చట్టం చేసి, 1977లో తొలి హక్కులు కొన్నారు. మేరీల్యాండ్ 1977లో ఇందుకోసం రాష్ట్రస్థాయి సంస్థనే ఏర్పాటు చేసింది. పెన్సిల్వేనియా 1980ల చివర్లో మొదలుపెట్టి ఇప్పటికి 6 లక్షల ఎకరాలకు పైగా భూమిని శాశ్వత షరతు కిందికి తెచ్చింది. అమెరికా కేంద్ర ప్రభుత్వం 1996 వ్యవసాయ చట్టంతో ఈ పనికి నిధులివ్వడం ఆరంభించింది. 2014 నుంచి అమలవుతున్న పథకం కింద హక్కు విలువలో సాధారణంగా సగం వరకు కేంద్రమే భరిస్తుంది. శాశ్వతం అన్న మాటను నిజంగా ఆచరణలో పెట్టిన పద్ధతి ఇదొక్కటేనని నేను నమ్ముతాను.

సర్వేగొలుసు:

దస్తావేజు గారు చెప్పిన లెక్క సరైనదే. అయితే ఆ లెక్కలో ఒక పొలం మాత్రమే ఉంది. పొలం ఒంటరిగా బతకదు.

నేను సర్వే పనిలో ముప్పై ఏళ్లకు పైగా గడిపాను. ఒక కాలువ కింద జరిగినదాన్ని కళ్లారా చూశాను, అది చెబుతాను. ఆ పిల్లకాలువ కింద నూట యాభై ఎకరాల వరకు సాగయ్యేది. మధ్యలో పన్నెండు ఎకరాల వాళ్లు లేఅవుట్‌కు ఇచ్చారు. లేఅవుట్‌లోకి దారి కావాలి కాబట్టి కాలువ మీద ఒక తూము వేసి, దాని మీదుగా గ్రావెల్ పోశారు. తూము పైపు సన్నది. పైగా దాని అడుగు కాలువ అడుగు కంటే జానెడు ఎత్తులో ఉంది. పై రైతులకు నీళ్లు నిలబడి వరి మడులు మురిగాయి, దిగువ వాళ్లకు నీళ్లే ఎక్కలేదు. దిగువ ఆయకట్టు రైతులు మొదటి ఏడాది ఇంజన్లు పెట్టి తోడుకున్నారు, రెండో ఏడాది సగం నాటారు, మూడో ఏడాది బీడు పెట్టారు. ఆ తర్వాత కొనేవాళ్లు వచ్చినప్పుడు బేరమాడే ఓపిక కూడా వాళ్లకు మిగల్లేదు. నా కొలత పుస్తకంలో ఆ దిగువ గట్లన్నీ ఇప్పటికీ ఉన్నాయి, నేల మీద మాత్రం లేవు.

అందుకే నా వాదన ఇది. కాపాడవలసింది సర్వే నంబరును కాదు, కమతాల సముదాయాన్ని. ఇష్టమైనవాళ్ల దగ్గర అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క హక్కులు కొంటూ పోతే చుట్టూ ఇళ్ల మధ్య చిక్కుకున్న పొలాలు మిగులుతాయి. వాటికి షరతు శాశ్వతంగానే ఉంటుంది కానీ నీరు, దారి, కూలీలు, యంత్రాలు బాగుచేసేవాడు, ధాన్యం కొనేవాడు ఉండరు.

పటంరేఖ:

సర్వేగొలుసు గారు చెప్పిన తూము ఉదంతాన్ని ప్రణాళిక శాఖల్లో పనిచేసే ప్రతి ఒక్కరూ చదవాలి. సముదాయాన్ని కాపాడే శక్తి మండల విభజనకే, అంటే ఏ ప్రాంతాన్ని దేనికి వాడాలో పటం మీద నిర్ణయించే జోనింగ్‌కే ఉందన్నది నా అభిప్రాయం.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 1973లో ఒక భూవినియోగ చట్టం చేసింది. ప్రతి నగరం తన చుట్టూ ఒక వృద్ధి సరిహద్దు గీసుకోవాలని, ఆ గీతకు వెలుపల ఉన్న మంచి నేలలను కేవలం వ్యవసాయ మండలాలుగా ఉంచాలని అది నిర్దేశించింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా అదే ఏడాది చేసిన చట్టంతో దాదాపు 47 లక్షల హెక్టార్లను వ్యవసాయ నిల్వ భూమిగా ప్రకటించింది. ఆ రాష్ట్రం ఎక్కువగా కొండలూ అడవులే. ఆ 47 లక్షల హెక్టార్లు మొత్తం విస్తీర్ణంలో సుమారు 5 శాతం మాత్రమే. మిగిలిన 95 శాతం ఎంత పెద్దదైనా ఆ కొద్దిపాటి నేల స్థానంలో పంట పండించలేదన్న గ్రహింపుతోనే ఆ చట్టం పుట్టింది. పొలాన్ని పొలాన్నీ విడిగా బేరమాడుతూ పోయి ఉంటే అంత విస్తీర్ణాన్ని కాపాడటానికి ఏ ఖజానా సరిపోయేది కాదు.

రెండెకరాలరైతు:

ఇంతవరకు రాసినవారందరి మీదా గౌరవం ఉంది. కానీ పటం మీద గీత గీసేటప్పుడు ఆ గీతకు అవతల నిలబడి ఉన్నది నేను. ఇవతలి పొరుగువాడి భూమి ఒక్క రాత్రిలో పది రెట్లు అవుతుంది, నాది ఉన్నచోటే ఉంటుంది. మా ఇద్దరి నేలా ఒకటే, నీరూ ఒకటే. దేశానికి తిండి భద్రత కావాలంటే దాని ఖర్చు దేశమంతా పంచుకోవాలి, గీతకు అవతల పుట్టిన వాళ్ల నెత్తిన వేయకూడదు. రైతుకు పింఛను లేదు. అనారోగ్యం వచ్చినా, పిల్లల చదువుకైనా, పాత అప్పుకైనా చివరి ఆసరా ఆ భూమి ధరే. దాన్ని నష్టపరిహారం లేకుండా తగ్గించడాన్ని పరిరక్షణ అంటే నేను ఒప్పుకోను.

దస్తావేజు:

రెండెకరాలరైతు గారి మాటను ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. సరిగ్గా ఇదే కోపం ఒరెగాన్‌లో ఓటు రూపంలో బయటపడింది. 2004లో అక్కడి ప్రజలు 37వ ప్రతిపాదనను ఆమోదించారు. భూవినియోగ ఆంక్షల వల్ల విలువ తగ్గితే ప్రభుత్వం పరిహారమైనా ఇవ్వాలి, లేదంటే ఆ ఆంక్షనైనా ఎత్తివేయాలి అన్నది దాని సారాంశం. పరిహారానికి డబ్బు లేకపోవడంతో ఆంక్షలే సడలుతూ వచ్చాయి. వ్యవసాయ మండలాల నడుమ పొలాలను ఇళ్ల స్థలాలుగా విడగొట్టడానికి పెద్ద పెద్ద దరఖాస్తులు వెల్లువెత్తాయి. చివరకు 2007లో 49వ ప్రతిపాదనతో ప్రజలే దాన్ని చాలావరకు వెనక్కి తీసుకుని, ఎక్కువమందికి కొద్ది ఇళ్ల వరకే అనుమతినిచ్చారు. ముప్పై ఏళ్లు నిలిచిన వ్యవస్థ ఒక్క ఓటుతో ఊగిపోవడానికి కారణం గీత గీసినవాళ్లు ఈ రైతు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకపోవడమే.

పటంరేఖ:

అంగీకరిస్తున్నాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలని ప్రయత్నించిన ఒక చోటు ఉంది కాబట్టి దాన్ని కొంచెం వివరంగా రాస్తాను.

మేరీల్యాండ్‌లోని మాంట్‌గమరీ కౌంటీ వాషింగ్టన్ నగరాన్ని ఆనుకుని ఉంటుంది. ఇళ్ల స్థలాలకు అంతకంటే గిరాకీ ఉన్న చోటు ఊహించడం కష్టం. 1980లో ఆ కౌంటీ దాదాపు 93 వేల ఎకరాలను, అంటే తన విస్తీర్ణంలో సుమారు మూడో వంతును, వ్యవసాయ రిజర్వుగా ప్రకటించింది. అంతకుముందు 5 ఎకరాలకు ఒక ఇల్లు కట్టుకోవచ్చు, ఆ తర్వాత 25 ఎకరాలకు ఒకటే. ఇక్కడివరకు అది మామూలు ఆంక్షే. కానీ కోల్పోయిన హక్కును వాళ్లు కాగితంగా మార్చారు. పాత లెక్క ప్రకారం ప్రతి 5 ఎకరాలకు ఒక బదలాయింపు హక్కు చొప్పున రైతుకు ఇచ్చారు. మన పత్రికల్లో టీడీఆర్ అని చదివేది ఈ కోవకు చెందినదే. పట్టణంలో ఎక్కువ అంతస్తులు, ఎక్కువ ఇళ్లు కట్టాలనుకున్న బిల్డరు ఆ హక్కులను రైతు దగ్గర కొనాలి. డబ్బు ఖజానా నుంచి రాలేదు, పట్టణం పెరుగుదల వల్ల లాభపడేవాడి జేబులోంచి వచ్చింది.

ఇది పనిచేయాలంటే రెండు షరతులు తప్పవు. హక్కులు ఎక్కడ వాడాలో ఆ పట్టణ ప్రాంతాలను ముందే నిర్ణయించి, అక్కడి నివాసులు ఒప్పుకునేలా చేయాలి. ఆ హక్కు కొనకుండా అదనపు అంతస్తు దొరికే దొడ్డిదారి ఏదీ ఉండకూడదు. రెండోది తప్పిన చోటల్లా రైతు చేతిలోని కాగితానికి విలువ పడిపోతుంది.

గెనుంపచ్చ:

పన్ను తగ్గింపు గురించి ఎవరూ రాయలేదు. అమెరికాలో సాగు విలువ మీదే పన్ను వేయడాన్ని మొదలుపెట్టింది మేరీల్యాండ్, 1956లో. కాలిఫోర్నియా 1965 చట్టం దీన్ని ఒప్పందంగా మార్చింది. రైతు పదేళ్లపాటు సాగుకే కట్టుబడతాడు, ఏటా ఆ గడువు దానంతటదే ఒక ఏడాది ముందుకు జరుగుతుంది, బదులుగా పన్ను తగ్గుతుంది. మధ్యలో రద్దు చేసుకోవాలంటే ఆంక్షలేని భూమి విలువలో 12.5 శాతం రుసుము కట్టాలి.

నగరానికి దూరంగా, ఒత్తిడి లేని చోట ఇది చక్కగా పనిచేస్తుంది. నగరం దగ్గర పడ్డాక మాత్రం భూమి కొని పెట్టుకున్న వ్యాపారికే ఉపయోగపడుతుంది. తక్కువ పన్ను కడుతూ, ధర పండేదాకా ఎదురుచూసి, పొడిగింపు ఆపించుకుంటాడు. పైగా తగ్గిన పన్నుకు కౌంటీలకు రాష్ట్రం ఇస్తూ వచ్చిన భర్తీ 2009 ఆర్థిక సంక్షోభంలో దాదాపు నిలిచిపోయింది. వార్షిక బడ్జెట్టు మీద ఆధారపడిన రక్షణకు ఆయుష్షు కూడా ఏడాదే.

గడువున్న పథకాలకు జపాన్ మరో ఉదాహరణ. నగరాల లోపలి పొలాలకు 1991 సవరణతో పన్ను మినహాయింపులిచ్చి, 30 ఏళ్లు సాగు చేయాలన్నారు. చాలా పొలాలకు 2022లో ఒకేసారి గడువు ముగుస్తుందని గుర్తుకొచ్చేసరికి, పదేళ్ల చొప్పున పొడిగించే ఏర్పాటు చేయవలసి వచ్చింది. ఆ ముప్పై ఏళ్లలో రైతులు ముసలివాళ్లయ్యారు.

మాగాణిగట్టు:

గెనుంపచ్చ గారికి ధన్యవాదాలు. పన్ను తగ్గింపును ఈ చర్చలో ఇక పక్కన పెట్టవచ్చు. చట్టపు గీతకు సంబంధించి నా భయం ఒకటి ఉంది. ఒక ప్రభుత్వం గీసిన గీతను మరో ప్రభుత్వం చెరపదని నమ్మకం ఏమిటి? కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 2005లో టొరంటో చుట్టూ నిర్మాణాలను అడ్డుకునే హరిత మేఖలను ప్రకటించింది. 2022లో అక్కడి ప్రభుత్వమే ఇళ్ల కొరత పేరుతో అందులోంచి సుమారు 7,400 ఎకరాలను తీసేసింది. ఆ నిర్ణయం వల్ల ఆయా భూముల యజమానులకు 830 కోట్ల కెనడా డాలర్లకు పైగా విలువ పెరగవచ్చని, ఎంపిక జరిగిన తీరు సరిగా లేదని 2023 ఆగస్టులో ఆడిటర్ జనరల్ నివేదిక ఇచ్చారు. సెప్టెంబరులో ప్రభుత్వం నిర్ణయాన్ని ఉపసంహరించుకుంది.

సర్వేగొలుసు:

ఆ ఉదంతంలో నాకు ధైర్యం కలిగించిన అంశం కూడా ఉంది. గీత ఎక్కడుందో సామాన్యుడికి తెలుసు కాబట్టే చెరిపినప్పుడు వెంటనే కనబడింది, కాబట్టే వెనక్కి వచ్చింది. చెల్లాచెదురుగా ఉన్న ముక్కల్లో అంతే విస్తీర్ణం పోయి ఉంటే ఏ పత్రికా రాసేది కాదు.

కౌలుకోణం:

భూమి గురించి ఇంత మాట్లాడుతున్నాం, దున్నేవాడి గురించి ఒక్కరూ రాయలేదు. నేను కౌలుకు చేస్తాను, అందుకని ఇది నాకు ముందు కనబడుతుంది.

నిర్మాణ హక్కు కొన్నంత మాత్రాన ఆ భూమి రైతు చేతిలోనే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇళ్ల గుంపు రాదన్న హామీ ఉన్న ప్రశాంతమైన పొలం డబ్బున్నవాడికి విడిది కోసం మరీ ఇష్టమవుతుంది. చుట్టూ ఎవరూ కట్టరు, ఉన్న ఇంటిని బాగు చేసుకుని సెలవులకు వస్తాడు. షరతు ఉల్లంఘన ఏదీ జరగదు. గడ్డి మాత్రం పెరుగుతుంది. భూమి ధర మళ్లీ కొత్త రైతుకు అందనంత ఎత్తుకు పోతుంది. మసాచుసెట్స్, వెర్మాంట్ రాష్ట్రాల్లో ఈ చిక్కును గుర్తించి, దస్తావేజులో మరో షరతు చేర్చారు. యజమాని రైతు కానివాడికి అమ్మబోతే, సాగు విలువకే కొనుక్కునే హక్కు రాష్ట్రానికో పరిరక్షణ సంస్థకో ఉంటుంది.

ఫ్రాన్స్ మరింత ముందుకు వెళ్లింది. 1960 చట్టంతో అక్కడ సఫేర్ అనే ప్రాంతీయ భూసంస్థలు ఏర్పడ్డాయి, రెండేళ్ల తర్వాత వాటికి ముందస్తు కొనుగోలు హక్కు దక్కింది. వ్యవసాయ భూమి అమ్మకానికి వస్తే ఆ సమాచారం వాటికి చేరాలి. అవసరమనుకుంటే అవే కొని, కొత్తగా సాగు మొదలుపెట్టేవాడికో కమతం చాలని చిన్న రైతుకో అమ్ముతాయి. భూమిని ఎవరు దున్నుతారన్న ప్రశ్నకు ప్రభుత్వం తరఫున జవాబు చెప్పగల వ్యవస్థ నాకు తెలిసి ఇదే.

నేలగుణం:

మట్టి పరీక్షల పనిలో ఉన్నాను. విస్తీర్ణం లెక్కలు చూసి మోసపోవద్దని చెప్పడానికే రాస్తున్నాను.

దేశంలో సాగుభూమి 180 కోట్ల ‘మూ’ల (మూ అంటే చైనా భూకొలత) కంటే, అంటే దాదాపు 12 కోట్ల హెక్టార్ల కంటే తగ్గకూడదని చైనా ఎర్రగీత పెట్టుకుంది. ఎక్కడైనా సాగుభూమిని నిర్మాణాలకు తీసుకుంటే అంతే విస్తీర్ణాన్ని మరోచోట సాగులోకి తేవాలన్న నియమమూ ఉంది. మొత్తం అంకె నిలబడుతుంది. కానీ నగరాల పక్కన ఉండేది నదులు మేట వేసిన ఒండ్రు నేల. బదులుగా సాగులోకి వచ్చేది చాలాసార్లు వాలు నేల, లేదా నీరందని పొడి నేల. బ్రిటిష్ కొలంబియాలోనూ దక్షిణాన మంచి నేల పోయి, ఉత్తరాన చలి నేల చేరిందన్న విమర్శ ఉంది. ఒక గుంట తవ్వి చూస్తే ఈ తేడా ఎవరికైనా అర్థమవుతుంది. పాత మాగాణిలో గడ్డపార మూరెడు దిగినా నల్లగా, తడిగా, వేళ్లతో నిండి ఉంటుంది. కొత్తగా చదును చేసిన మెరకలో జానెడు దిగేసరికి రాయి తగులుతుంది. ఆ మూరెడు మట్టి తయారవడానికి పట్టే కాలం ఏ ప్రభుత్వ పదవీకాలంతోనూ పోల్చదగినది కాదు.

మన దేశంలో 2013 భూసేకరణ చట్టం 10వ సెక్షను ఇదే ఆలోచనతో ఉంది. ఏటా రెండు మూడు పంటలు పండే నీటివసతి భూమిని గత్యంతరం లేనప్పుడే సేకరించాలని, అప్పుడు కూడా అంతే విస్తీర్ణంలో సాగుకు పనికొచ్చే బంజరును అభివృద్ధి చేయాలని లేదా ఆ భూమి విలువకు సమానమైన మొత్తం జమ చేయాలని అంటుంది. రైల్వేలు, రహదారులు, కాలువలు, విద్యుత్ లైన్ల వంటి వాటికి మినహాయింపు ఉంది. అన్నిటికన్నా పెద్ద లోటు, అది ప్రభుత్వ సేకరణకే వర్తిస్తుంది, ఇష్టపూర్వకంగా అమ్ముకునే భూమిని తాకదు. కేరళ 2008లో వరి పొలాలు, చిత్తడి నేలల మార్పిడిని నేరుగా నిషేధించింది. గ్రామాలవారీగా సమాచార నిధి తయారుచేయించి, స్థానిక కమిటీలకు పర్యవేక్షణ అప్పగించింది. 2018 సవరణతో, ఆ నిధిలో నమోదు కాని భూములను రుసుము కట్టి మార్చుకునే వీలు కల్పించారు. అంటే ఇప్పుడు పొలం బతుకు ఆ జాబితాలో పేరు ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంది.

మాగాణిగట్టు:

చర్చ మొదలుపెట్టినప్పటి నా అభిప్రాయం మారింది. హక్కు కొనుగోలును గీతకు ప్రత్యామ్నాయంగా చూశాను, అది పొరపాటు. ముందు గీత గీసి సముదాయం చెదరకుండా ఆపాలి. ఆ గీత వల్ల ఆంక్ష కిందికి వచ్చినవాళ్లకు హక్కు కొనుగోలు ద్వారానో బదలాయింపు హక్కుల ద్వారానో ధర తేడా చెల్లించాలి. దస్తావేజులో కౌలుకోణం గారు చెప్పిన సాగు విలువ షరతు ఉండాలి. గీత మాత్రమే ఉంటే రెండెకరాలరైతు గారికి అన్యాయం, కొనుగోలు మాత్రమే ఉంటే సర్వేగొలుసు గారి దిగువ ఆయకట్టుకు అన్యాయం.

రెండెకరాలరైతు:

గీత గీసిన రోజుకూ డబ్బు చేతికందే రోజుకూ మధ్య ఎన్నేళ్లో కూడా చట్టంలోనే రాయాలి. ఆ గడువులోపు ఇవ్వకపోతే ఏం జరుగుతుందో కూడా రాయాలి. అది రాస్తే నేను సంతకం పెడతాను.

మాగాణిగట్టు:

న్యాయమైన షరతు. సర్వేగొలుసు గారికి ఒక ప్రశ్న. నిధులు ఎప్పుడూ చాలవు కాబట్టి కొనుగోలు ఏదో ఒక మూల నుంచి మొదలుపెట్టాలి. ఒక సముదాయంలో ఎక్కడ మొదలుపెట్టమంటారు?

సర్వేగొలుసు:

పెన్సిల్వేనియాలో దరఖాస్తులకు మార్కులు వేసేటప్పుడు మట్టి నాణ్యతతోపాటు, ఆ పొలం ఇప్పటికే రక్షణలో ఉన్న పొలాలకు ఎంత దగ్గరగా ఉందో కూడా చూస్తారు. అది మంచి పద్ధతి. కాలువ సాగులో అయితే నేను మరొకటి కలుపుతాను. హద్దును సర్వే నంబర్ల వెంట గీయకూడదు, నీరు నడిచే దారి వెంట గీయాలి. పైన నీరు వదిలే తూము, కింద మురుగు కాలువ, పక్కన మెరక, ఈ మూడింటి మధ్య ఉన్నదంతా ఒక సముదాయం. అందులో మొదట కాలువ గట్టును ఆనుకుని, రోడ్డుకు ముఖం ఉన్న పొలాల హక్కులు కొనాలి. ధర ఎక్కువే అవుతుంది. కానీ లేఅవుట్‌కు దారి అక్కడి నుంచే వెళుతుంది, కాలువకు అడ్డుగా దారి తూము అక్కడే పడుతుంది. ఆ నాలుగైదు పొలాలు నిలిస్తే వెనక ఉన్న వంద ఎకరాలకు బిల్డరు రాడు, నీళ్లు మాత్రం వస్తాయి.